మస్టర్‌లో పేరు, మస్కట్‌లో మనిషి

ప్రతి ఏడూ జనవరి మొదటి వారంలో ఇక్కడి పేపర్లలో ఒమాన్ బడ్జెట్ వస్తుంది. సుల్తాన్ గారి డిక్రీ, దాని కింద అంకెలు, ఒక రంగుల బొమ్మ. 2025ది చూడండి: ఆదాయం 11.18 బిలియన్ రియాళ్ళు, ఖర్చు 11.8 బిలియన్లు, లోటు 620 మిలియన్లు, చమురు బ్యారెల్ 60 డాలర్లు ఉంటుందన్న అంచనా మీద. టీ చల్లారేలోపు చదివేయొచ్చు.

మనవాళ్ళెవరూ చదవరు లెండి. రువిలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే రియాల్ రేటు, హైదరాబాద్ ఫ్లయిటు టికెట్టు, పిల్లల స్కూలు ఫీజు. బడ్జెట్ మాటెత్తితే "మనకెందుకండీ, నాలుగేళ్ళుండి పోయేవాళ్ళం" అంటారు. అలా అనేవాళ్ళలో ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒకప్పుడు ఆ మాటకి కాస్త అర్థం ఉండేది, మనం పన్నంటూ కట్టేవాళ్ళం కాదు కాబట్టి. 2021 ఏప్రిల్ 16 నుంచి 5 శాతం వ్యాట్ వచ్చింది. 2028 జనవరి నుంచి ఏడాదికి 42,000 రియాళ్ళు దాటిన ఆదాయం మీద 5 శాతం ఆదాయపు పన్ను కూడా రాబోతోంది. మనలో ఆ గీత దాటేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అయినా 2025 జూన్‌లో ఆ వార్త వచ్చినప్పుడు అందరూ తమ జీతంలోంచే కోసేస్తున్నారన్నంత కంగారు పడ్డారు. (నేనూ ఒకసారి కాలిక్యులేటర్ తీశాననుకోండి.)

నా ఉద్యోగం కంపెనీలకి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడం. "ఆడిట్ ట్రయిల్ ఆన్ చేశారా?" అని అడగని క్లయింటు ఉండడు. ఎవరు ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో అంతా అందులో పడుతుంది. రెండేళ్ళ తర్వాత సర్వర్లో చోటు చాలక మళ్ళీ నన్ను పిలుస్తారు. చూస్తే ఆ లాగ్‌ని ఒక్కరూ తెరిచి ఉండరు. ప్రభుత్వాల లెక్కల గురించి ఎవరైనా 'పారదర్శకత' అన్నప్పుడల్లా నాకు ఆ లాగ్ ఫైలే గుర్తొస్తుంది. లెక్క బయట పెట్టడం వేరు, దాన్ని ఒకరు చదవడం వేరు.

ఒమాన్ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. 2014లో చమురు ధర పడిపోయాక ఏటా లోటే. 2020 నాటికి అప్పు జీడీపీలో 70 శాతం దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి సబ్సిడీలు కోసి, మంత్రిత్వ శాఖలు కలిపేసి, చమురు ధర పెరిగినప్పుడు వచ్చిన డబ్బుతో అప్పు తీర్చి, 2024కి దాన్ని ఇంచుమించు సగానికి దించారు. ఆ ఏడే ఎస్ అండ్ పీ ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ రేటింగు తిరిగి ఇచ్చింది. మజ్లిస్ అల్ షూరా బడ్జెట్‌ని చర్చించి సిఫార్సులు చేస్తుంది, చివరి మాట ప్రభుత్వానిది. 2011లో సోహార్‌లో జనం ఉద్యోగాల కోసం, అవినీతి మీద రోడ్డెక్కాక ఆడిట్ సంస్థకి అధికారాలు పెంచారు, ఆ తర్వాత కొన్నేళ్ళకి చమురు కాంట్రాక్టుల లంచం కేసుల్లో పెద్ద పెద్దవాళ్ళు జైలుకెళ్ళారు. కాబట్టి పైనుంచి గట్టిగా పట్టుకుంటే లెక్క చక్కబడదని నేననలేను.

మరి ఓటు ఉన్న మన దగ్గరో? 2023 డిసెంబరులో తెలంగాణ కొత్త ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టింది. మొత్తం అప్పు 6,71,757 కోట్లు అని తేల్చింది. అందులో పెద్ద భాగం బడ్జెట్ పుస్తకంలో రాష్ట్రం అప్పుగా కనపడేది కాదు, కార్పొరేషన్ల పేర్ల మీద తెచ్చింది. దిగిపోయినవాళ్ళు వెంటనే 'స్వేదపత్రం' అని ఇంకొకటి విడుదల చేశారు. పేరు పెట్టడంలో మనవాళ్ళకి సాటి లేదు! ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు వెబ్‌సైట్లో పెట్టడమే ఆపేశారు, మళ్ళీ 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. వేల పేజీల బడ్జెట్ పుస్తకాలు, ఎన్నికలు, అసెంబ్లీ, కాగ్, అన్నీ ఉండి కూడా అప్పెంతో తెలియాలంటే ప్రభుత్వం మారాల్సి వచ్చింది.

ఇదంతా చదివి "ఎక్కడైనా ఒకటే" అని నిట్టూర్చేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. మన దగ్గరే, అదీ అనంతపురం లాంటి కరువు జిల్లాలో, లెక్కని మనిషి ముందు చదివిన పని ఒకటి జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. (మా ఊళ్ళో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, కరువు పని అంటారు.) చట్టంలో 17వ సెక్షన్ సామాజిక తనిఖీ చెయ్యమంది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీద చేసి ఊరుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిజంగా చేసింది. రాజస్థాన్‌లో అరుణా రాయ్ వాళ్ళ సంఘం 1994 నుంచి నడిపిన బహిరంగ విచారణల పద్ధతి తీసుకుని, 2009లో తనిఖీ కోసమే ఒక ప్రత్యేక సొసైటీ పెట్టింది.

పద్ధతి చాలా మామూలుది. కూలివాళ్ళ ఇళ్ళలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇస్తారు. వాళ్ళు మస్టర్లు పట్టుకుని గడప గడపకీ వెళ్ళి "మీరు ఫలానా పనిలో ఇన్ని రోజులు చేశారని, ఇంత డబ్బు తీసుకున్నారని రాసుంది, నిజమేనా?" అని చదివి వినిపిస్తారు. తర్వాత గ్రామసభ. ఆ పైన మండలంలో ప్రజావేదిక, అక్కడ అధికారులు మైకు ముందు జవాబు చెప్పాలి.

నాకు తెలిసిన డ్రైవర్ ఒకతను కడప జిల్లావాడు, ఇక్కడ వాటర్ ట్యాంకర్ నడిపేవాడు. ఊరు పేరు చెప్పను. 2011లో వాళ్ళింటికి తనిఖీకి వచ్చిన అమ్మాయి, ఇతను పన్నెండు రోజులు చెరువులో పూడిక తీశాడని చదివిందట. వాళ్ళమ్మ "వాడు మస్కట్లో ఉండాడు కదమ్మా, చెరువు యాడ తవ్వినాడు?" అంది. అప్పట్లో కూలి పోస్టాఫీసు ద్వారా వచ్చేది, ఇతని పేరు మీది డబ్బు ఎవరో తీసుకున్నారు. ప్రజావేదికలో ఇతని పేరు చదివారు, అమ్మ లేచి నిలబడి మళ్ళీ అదే మాట చెప్పింది, పద్దు రాసినవాడు డబ్బు తిరిగి కట్టాడు. అంతా కలిపి పన్నెండొందల పైచిలుకు. ఇక్కడ పది రోజుల్లో అంతకన్నా ఎక్కువే మిగుల్చుకునేవాడు. కానీ ఆ సంగతి నాకు చెప్పినప్పుడు అతని మొహం చూడాలి. "మైకులో చదివినారు సార్, మస్కట్లో ఉండాడని రాసినారు" అన్నాడు. ఇరవై ఏళ్ళు మించిన నా వృత్తిలో ఏ రిపోర్టు చూసి ఏ మనిషీ అంత సంతోషపడగా నేను చూడలేదు.

రియాద్‌లో ఉన్నవాడో, చచ్చిపోయినవాడో మస్టర్‌లో పని చేస్తున్నాడని ఏ కాగ్ అధికారికి తెలుస్తుంది? సంతకం ఉంటుంది, కూడిక సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ (రాసింది టీసీఎస్ వాళ్ళు, బాగానే రాశారు) ఎర్ర జెండా ఎత్తదు. మొత్తం అప్పుని రియాద్‌లో అయినా మస్కట్‌లో అయినా మంచి మంత్రి ఒకడు దించగలడు. ఆ పన్నెండు రోజులు తప్పని చెప్పగలిగేది మాత్రం వాళ్ళమ్మ ఒక్కతే.

అలాగని దీన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఈ తనిఖీ నివేదికల్నే పోగుచేసి 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. కూలి డబ్బులో ఒక్కో అక్రమానికి పోయే మొత్తం కాస్త తగ్గింది, కానీ సామాను కొనుగోళ్ళలో, అంటే సిమెంటూ కంకరా బిల్లుల్లో, పట్టుకోవడం కష్టమైన మోసాలు పెరిగాయి. ఎందుకో ఊహించొచ్చు. తను ఎన్ని రోజులు పని చేసిందీ కూలివాడికి తెలుసు, కల్వర్టులో ఎన్ని బస్తాలు పడ్డాయో తెలియదు. పైగా దొరికినవాళ్ళకి శిక్ష పడింది తక్కువ, వసూలైంది ఇంకా తక్కువ.

దీనికి మందుగా ఢిల్లీ యాప్ తెచ్చింది. 2023 జనవరి నుంచి కూలివాళ్ళ హాజరు రోజుకి రెండుసార్లు ఫోటోతో ఎక్కించాలన్నారు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో ఒప్పుకుంది, పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకి తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని. నా కులం వాళ్ళు (సాఫ్ట్‌వేర్ కులం) చేసిన పని కాబట్టి నవ్వలేకపోయాను. గడప దగ్గర ఒకమ్మాయి అడిగే ప్రశ్నని కెమెరాతో అడిగించబోయారు, అది ఎవర్నీ ఏమీ అడగదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. వంద రోజులు 125 అయ్యాయి, ఖర్చులో మన రాష్ట్రాలు 40 శాతం భరించాలి. కార్పొరేషన్ల పేర అప్పులు తెచ్చుకున్న ఖజానాలు ఆ 40 శాతం ఎక్కణ్ణుంచి తెస్తాయన్నది ఒక ప్రశ్న. తనిఖీ చేసే పిల్లల జీతాలు ఎవరి పద్దులోంచి, ఎన్నాళ్ళకి వస్తాయన్నది ఇంకొకటి. నాకు రెండోదే ముఖ్యం, ఎందుకంటే కోతలు మొదలైతే ఎప్పుడూ ముందు పోయేది అడిగేవాడి జీతమే.

మా సంఘంలో ఊరి గుడికి, బడికి చందాలు పోగుచేస్తాం, రసీదు అడుగుతాం, ఫోటో కూడా అడుగుతాం. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకొకటి కూడా అడిగి చూడండి: ఈ ఏడాది మస్టర్లు పట్టుకుని ఎవరైనా మన గడపకి వచ్చారా, వస్తే నా పేరు ఏమని చదివారు అని.