గృహిణి – న్యాయము: ప్రాణనష్టమునకు పరిహారము

కొల్లేటి లంకలలో చేపల చెరువు గట్టుపై తెగిపడిన విద్యుత్తీగ తగిలి ఇంటి యజమాని మరణించెననుకొందము. పెద్దలు వచ్చి అంతయు లలాటలిఖితమని ఓదార్తురు. కర్మలు ముగియకమునుపే ఎవరో పెద్దమనిషి కొంత పైకము తెచ్చి, కాగితముపై వ్రేలిముద్ర వేయుమనును. ఆ కాగితమును న్యాయవాదిచేత చదివించుకొనకుండ ముద్ర వేయవలదని మేము మా సోదరీమణులకు మొదటనే మనవి చేయుచున్నాము.

ఒకరి అక్రమమువలనగాని అజాగ్రత్తవలనగాని మనుష్యుడు మరణించినచో, భార్య, భర్త, తల్లిదండ్రులు, బిడ్డలు కోల్పోయిన ఆదరువునకై దావా వేయవచ్చునని 1855వ సంవత్సరపు ప్రాణాంతక ప్రమాదముల చట్టము చెప్పుచున్నది. అందరి కొరకును ఒక్కటే దావా. మరణదినము మొదలు 2 సంవత్సరములు దీనికి గడువు. ప్రభుత్వముపై దావాకు ముందు 2 మాసముల నోటీసు ఈయవలెను. తాడేపల్లిగూడెము రహదారిపై లారీ గ్రుద్దినచో సివిలు కోర్టుకు గాక మోటారు ప్రమాదముల ట్రిబ్యునలునకు పోవలెను. అచ్చట చట్టము చెప్పు గడువు 6 మాసములే.

న్యాయస్థానమున ఋజువు చేయవలసినవి మూడు: ఎదుటివాడు జాగ్రత్త తప్పెననుట, ఆ తప్పువలననే మరణము కలిగెననుట, కుటుంబమునకు ఇంత నష్టమనుట. క్రిమినలు కేసులోవలె సందేహమునకు తావులేని ఋజువు ఇచ్చట అక్కరలేదు. ఏ పక్షము మాట ఎక్కువ సంభావ్యమో అదియే చాలును. కనుక క్రిమినలు కోర్టులో నిందితుడు విడుదలయైనంత మాత్రమున మన దావా పోదు. అయితే పోలీసుల ప్రథమ సమాచార నివేదికయే సర్వమును ఋజువు చేయదు. కన్నులార చూచినవారు బోనెక్కి చెప్పవలెను. శవపంచనామా, శవపరీక్ష నివేదిక, మరణ ధ్రువపత్రము దాఖలు చేయవలెను.

విద్యుత్తు విషయమున బాధితులకు కొంత బలము కలదు. తీగ తెగి రోడ్డుపై పడి సైకిలుపై పోవుచున్నవాడు మరణించిన మధ్యప్రదేశపు కేసులో, అపాయకరమైన వస్తువును నడపువాడే బాధ్యుడని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పినది.

ఎదుటి పక్షము ప్రభుత్వమైనను భయపడ పనిలేదు. 1977 మే మాసమున నాటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో దుండగులు బాంబులు విసరగా ఒక ఖైదీ మరణించెను. భార్యయు కుమారులును 10 లక్షలకు దావా వేసిరి. క్రింది కోర్టు కొట్టివేసినది. హైకోర్టు 1,44,000 రూపాయలు వడ్డీతో ఇప్పించినది. సార్వభౌమాధికారమను ప్రభుత్వ వాదమును త్రోసిపుచ్చి సుప్రీముకోర్టు 2000లో దానినే ఖాయపరచినది. ఇన్నేండ్లు పట్టెను గాని, ఆ కుటుంబము దావా విడువలేదు.

ఇక నష్టపు లెక్క. చచ్చినవాని కండ్లు చేరెడందురు. న్యాయాధిపతికి ఆ పొగడ్తతో పనిలేదు, ఆదాయపు ఋజువు కావలెను. ఉదాహరణకు 35 ఏండ్లవాడు నెలకు 12,000 రూపాయలు ఆర్జించుచు, భార్యను, ఇద్దరు బిడ్డలను, తల్లిని పోషించుచుండెననుకొందము. స్వంత ఖర్చునకు నాలుగవవంతు తీసివేయగా 9,000 మిగులును. అది సంవత్సరమునకు 1,08,000. మోటారు కేసులలో సుప్రీముకోర్టు 2009లో స్థిరపరచిన పట్టికను బట్టి ఆ వయస్సునకు 16 చేత గుణింపగా 17,28,000 అగును. భవిష్యత్తులో ఆదాయము పెరుగుననుటకు అదనము వేరుగా కలదు. ఇతర దావాలలోను కోర్టులు ఈ పద్ధతిని తరచు ఆధారముగా గైకొనును. కూలిచీటీలు, బ్యాంకు పుస్తకము, చెరువు యజమాని సాక్ష్యము లేనిచో ఈ లెక్క నిలువదు.

మరణించినది ఇల్లాలైనచో? సంపాదన లేనిదానికి నష్టమేమని అనువారు నేటికిని కలరు. జంషెడ్‌పూరు అగ్నిప్రమాదపు కేసులో 2001లో సుప్రీముకోర్టు గృహిణుల సేవకు నెలకు 3,000 రూపాయలు విలువ కట్టినది. ఇంటిపనికి విలువ కట్టుట న్యాయమేయని 2021లో మరల నొక్కి చెప్పినది. వంట, బిడ్డల పెంపకము, ముసలివారి సేవ ఇవన్నియు ఆర్జనయే.

ధనము లేదని వెనుదీయవలదు. 1987వ సంవత్సరపు చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తములేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకొనవచ్చును. సోదరీమణులారా, భర్త ఆదాయపు కాగితములు ఎచ్చట నున్నవో నేడే తెలిసికొనుడు. తెలిసికొనుట అశుభము గాదు. తెలియకపోవుటయే బిడ్డల కూటికి ముప్పు.