చలి లేని డెల్టాలో లారీ హీటరు చిక్కు

విజయవాడ : చెన్నై-కోల్‌కతా, హైదరాబాదు-బందరు రహదారులు కలిసే బెంజ్ సర్కిల్ వద్ద లారీల రద్దీ రాత్రింబవళ్లు ఉండేదే. టాటావారు జర్మనీ బెంజ్ కంపెనీతో కలిసి లారీలు తయారుచేసిన రోజులలో (1954-69) ఇంజను మొరాయిస్తే మెకానిక్కు చెవితో విని లోపం పట్టేవాడు. దేశమంతటా 2017 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక ఇంజను అజమాయిషీ కంప్యూటరు పెట్టెకు పోయింది. ఆటోనగర్‌లో ఎంత పనితనం ఉన్నా చెవి ఒక్కటే చాలడం లేదు.

కొన్ని కొత్త ఇంజన్లలో గాలి హీటరు ఉంటున్నది. డీజిల్ ఇంజనులో నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. గాలి బాగా చల్లగా ఉంటే ఆ వేడి చాలక తెల్లపొగ కక్కుతుంది. అందుకని లోపలికి వెళ్ళే గాలిని కరెంటుతో వేడిచేస్తారు. ఇందుకు పదుల ఆంపియర్ల కరెంటు కావాలి. కంప్యూటరు నేరుగా అంత కరెంటు ఇవ్వలేదు, రిలే అనే స్విచ్చిని మాత్రం కదుపుతుంది.

చలి అంతగా ఎరుగని మన ప్రాంతంలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాని కైకలూరు చేపల లోడు జనవరిలో బీహారు, అస్సాం వైపు వెళ్తే తెల్లవారుజామున దాని అవసరం తెలుస్తుంది. బండి కదలక ఐసు కరిగితే చేప ధర పడిపోతుంది. కిరాయి తగాదా సరేసరి.

అయినా హీటరు వెలగకపోతే పోయేది కొన్ని గంటలే. అది ఆరకపోతేనే అసలు ముప్పు. రిలే పనిచేసినప్పుడల్లా లోపల నిప్పురవ్వ లేస్తుంది. కాలక్రమాన కాంటాక్టులు కాలి అతుక్కుపోవచ్చు. బ్యాటరీ తీగ నేరుగా రిలేకు వచ్చే బండ్లలో తాళం తీసినా కరెంటు ఆగదు. ఇంటిముందు నిలిపిన లారీలోనే బ్యాటరీ దిగిపోవచ్చు, తీగలు కాలి మంటలూ రావచ్చు. చేపల నీరు, ఉప్పుగాలి తగిలి టెర్మినళ్ళకు చిలుము పడితే అతుకులు మరింత వేడెక్కుతాయి. అప్పుచేసి బండి కొన్న చిన్న ఓనరుకు ఇది తట్టుకోగల దెబ్బ కాదు.

రిలే దొరకలేదని తీగతో ‘డైరెక్టు’ ఇవ్వడం, ఫ్యూజు బదులు రాగితీగ చుట్టడం అలవాటైన పనులు. ఈ బండ్ల విషయంలో అది చేతులారా నిప్పు పెట్టుకోవడమే. ఉత్తరాది లోడుకు ముందు, తిరిగి వచ్చాక కూడా, తాళం తీసి కొద్ది నిమిషాలు ఆగి హీటరు వైపు తీగకు టెస్టు బల్బు పెట్టి చూడవచ్చు. బల్బు వెలిగితే వెంటనే బ్యాటరీ తీగ విప్పి, రిలే మార్చాకే బండి తీయాలి.