వేసవి పిక్నిక్కా? కార్తీకం దాకా ఆగుదాం!

ఏటా మే నెల చివరికి వచ్చేసరికి మన తెలుగు బడి పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న. "అంకుల్, సమ్మర్ పిక్నిక్ ఎక్కడికి?" అంతే, పెద్దవాళ్లం పార్కుల వేటలో పడతాం. ఒకరు మిష్రిఫ్ అంటారు, ఇంకొకరు సాల్మియా అంటారు. "సబా అల్ సలేంలో ఉంటూ, పక్కనే మెస్సిలా సముద్రం పెట్టుకుని ఎక్కడికో ఎందుకండీ?" అని మరొకరు. పదేళ్లుగా ఈ చర్చలో నేనూ ఉన్నాను. ఇన్నాళ్లకు నాకొక అభిప్రాయం స్థిరపడింది. పార్కు వెతికే ముందు మనం వేళ వెతుక్కోవాలి. ఈ మాట నాకు తెలివితేటల వల్ల తెలియలేదు, చేసిన పొరపాటు వల్ల తెలిసింది. అదే ఇక్కడ చెబుతాను.

ఒక జూన్ నెల శుక్రవారం, రెండు కుటుంబాలవాళ్లం కలిసి దగ్గర్లోని ఒక పార్కుకు బయలుదేరాం. పులిహోర, దద్దోజనం, ఆవకాయ, ఐస్ బాక్సు నిండా కూల్ డ్రింకులు. "ఏమండీ, కాస్త పొద్దు వాలనివ్వండి" అని మా ఆవిడ అంటూనే ఉంది. చెట్టు కింద మంచి చోటు దొరకదేమోనని నాకు తొందర. నాలుగున్నరకల్లా చేరిపోయాం. పార్కంతా మాదే! ఇంకెవరూ ఎందుకు రాలేదో ఆలోచించే బుద్ధి మాత్రం నాకు లేకపోయింది.

పావుగంటలో ఆరేళ్ల మా చిన్నవాడి మొహం కందిపోయింది. జారుడుబల్ల మీద చెయ్యి పెట్టి కెవ్వుమన్నాడు. దాహమంటూ, పచ్చిక తడుపుతున్న పైపు దగ్గరికి పరిగెత్తి నోరు పెట్టబోయాడు. అంతలో ఒక మనిషి వచ్చి వాణ్ణి చటుక్కున ఎత్తుకున్నాడు. ఒంటి మీద మున్సిపాలిటీ పనివాళ్లు వేసుకునే బట్టలు, తలకు తుండుగుడ్డ.

"ఆ నీళ్లు తాగొద్దు నాయనా, అవి చెట్లకు పోసేవి" అన్నాడు. తెలుగు! తర్వాత నా వైపు తిరిగి, "ఏమన్నా, ఈ ఎండకు పిల్లోళ్లను ఎత్తుకొచ్చినారే! మమ్మల్నే పదకొండు నుంచి నాలుగు దాకా బయట పని చేయనీరు కదా" అన్నాడు. తన సీసాలోని చల్లని నీళ్లు పట్టించి, తడిగుడ్డతో వాడి మెడ, చేతులు తుడిచాడు. ఆయనది రాయచోటి దగ్గర పల్లె అట. ఆ సాయంత్రం పులిహోర కారులో ఏసీ వేసుకుని తిన్నాం. దద్దోజనం పులిసిపోయింది.

ఆయన అన్నమాట అక్షరాలా నిజం. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు మధ్యాహ్నపు ఎండలో ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. 2016 జులై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో దాన్ని ధ్రువీకరించింది. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. మన దగ్గర రోహిణి రెండు వారాలు, ఇక్కడ మూడు నెలలు! ఇక ఆ పైపు నీళ్ల సంగతి. ఈ దేశంలో నది లేదు. తాగే నీరు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారు చేస్తారు. మొక్కలకు ఎక్కువగా శుద్ధి చేసిన మురుగునీరో, ఉప్పగా ఉండే భూగర్భ జలమో వాడతారు. కాబట్టి పిల్లలూ, పార్కులో పైపు నీళ్లు ఎంత చల్లగా కనిపించినా తాగకూడదు. ఇది మా వాడు నేర్చుకున్న పాఠం, మీకు ఊరికే ఇస్తున్నాడు.

ఆ రోజు రాత్రి నాకు మా ఊరి వనభోజనాలు గుర్తుకొచ్చాయి. మన పెద్దలు వాటిని వేసవిలో పెట్టలేదు, కార్తీక మాసంలో పెట్టారు. వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడి, ఉసిరి చెట్టు కింద హాయిగా కూర్చోగలిగే కాలం అది. దీపావళి మర్నాటి నుంచి మొదలయ్యే ఆ నెల అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. కువైట్‌లో కూడా సరిగ్గా అప్పుడే వేడి తగ్గుతుంది. తొలి వానల ఆ కాలాన్ని ఇక్కడివాళ్లు వస్మ్ అంటారు. ఎడారిలో గుడారాలు వేసే సీజనూ నవంబరులోనే మొదలవుతుంది. ఇంకో తమాషా చూడండి. సెప్టెంబరు తొలి వారంలో తెల్లవారుజామున దక్షిణాన ఒక నక్షత్రం కనబడగానే ఇక రాత్రులు చల్లబడతాయని అరబ్బులు సంతోషిస్తారు. దాన్ని వాళ్లు సుహైల్ అంటారు. మనం అగస్త్య నక్షత్రం అంటాం. ఒకటే చుక్క, రెండు పేర్లు! రుతువును చూసి పండుగ చేసుకోవడం వాళ్లకూ తెలుసు, మన తాతలకూ తెలుసు. స్కూలు సెలవుల క్యాలెండరు చూసి పిక్నిక్ పెట్టుకునే మనమే మరిచిపోయాం.

"అంటే సెలవులు మూడు నెలలూ పిల్లలు ఫ్లాటులో టీవీ ముందే కూర్చోవాలా?" అని తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందరూ ఏటా ఇండియా వెళ్లలేరు. వేసవి టిక్కెట్ల ధరలు మనకు తెలియనివా? వేసవిలో నా సలహా చిన్న పిక్నిక్కులు. జూన్‌లో ఇక్కడ అయిదు కాకముందే తెల్లవారుతుంది. ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని సముద్రం ఒడ్డున సూర్యోదయం చూసి, ఏడింటికల్లా ఇంటికి రండి. లేదా మగ్రిబ్ నమాజు వేళ దాటాక ఇంటి దగ్గరి పార్కుకే వెళ్లండి. దూరం వద్దు, రెండు గంటలు మించి వద్దు. తేమ ఎక్కువగా ఉన్న రోజు అదీ వద్దు.

పార్కు ఎలా ఎంచుకోవాలంటారా? మా ఆవిడ లెక్క చెబుతాను. నీడ, బాత్రూము, తాగునీరు, పార్కింగ్, పిల్లలు రోడ్డు మీదికి పరిగెత్తకుండా కంచె. ఈ అయిదింటిలో ఏది లేకపోయినా మరో చోటు చూడండి. బొగ్గుల పొయ్యి వెలిగించే ముందు అక్కడి బోర్డు చదవండి. జారుడుబల్లను ముందు మీ చేత్తో తాకి చూడండి. ఒక్క నిమిషమే కదా అని పిల్లల్ని కారులో వదలకండి. మరీ ముఖ్యం, విస్తరాకులూ కప్పులూ మూటగట్టి చెత్తడబ్బాలో వేశాకే కదలండి. మనం వదిలేసింది ఎత్తేవాడు మన రాయచోటి అన్నే కావచ్చు.

కార్తీకంలో మాత్రం పెద్ద పిక్నిక్ పెడదాం. పెద్ద పిల్లలకు అల్ షహీద్ పార్కు చూపిద్దాం. 2015లో తెరిచిన ఈ పార్కు, పాత నగరపు గోడ ఉండిన చోట పెంచిన పచ్చని పట్టీలో ఉంది. 1920లో కట్టిన ఆ గోడను 1957లో తీసేసి, ద్వారాలను మాత్రం ఉంచారు. చిన్నవాళ్లకు చెట్లు చూపిద్దాం. ఖర్జూరం వాళ్లకు తెలుసు. ఇక్కడి సిద్ర్ చెట్టు మన రేగు జాతిదే. భోగినాడు తల మీద పోసే రేగుపళ్లకు అది చుట్టమని చెబితే, పరాయి దేశపు చెట్టు కాస్తా వాళ్లకు సొంతమైపోదూ! ఉసిరి చెట్టు దొరకలేదని బాధ వద్దు, సిద్ర్ నీడలో విస్తరి వేద్దాం.

చివరగా ఒక్క కోరిక. వనభోజనమంటే ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తినడం. కడప నుంచి, చిత్తూరు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి, డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా, తోటమాలులుగా ఒంటరిగా ఉంటున్న తెలుగువాళ్లు ఈ దేశంలో ఎంతమంది! సొంత పిల్లల్ని ఏళ్ల తరబడి చూడనివాళ్లు వాళ్లలో ఉన్నారు. మన బడి పిక్నిక్కుకు ప్రతి కుటుంబమూ అలాంటి ఒక్కరినైనా పిలిస్తే ఎంత బాగుంటుంది! సెలవు ఎప్పుడు దొరుకుతుందో ముందే అడిగి, ఆ వేళకే బంతి వేద్దాం. మన పిల్లలకు కడప యాస, గోదావరి యాస పుస్తకంలో కాదు, పక్క విస్తరి నుంచి వినబడుతుంది.

రాయచోటి అన్న ఫోన్ నంబరు నా దగ్గరుంది. మా వాడు ఇప్పటికే చెప్పేశాడు, "నీళ్ల మామను నేనే పిలుస్తా" అని. మరి మీరెవరిని పిలుస్తారు?