రహస్యం ఉపగ్రహానికి, రాకెట్‌కు కాదు

2026 జనవరి 12 ఉదయం శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ62 నింగికెగిరింది. మూడో దశ ముగింపు దాకా అంతా సవ్యంగానే సాగింది. అంతలో రాకెట్ తన చుట్టూ తాను తిరిగే వేగంలో తేడా వచ్చింది. కాసేపటికే అది దారి తప్పింది. రక్షణ ఉపగ్రహం ఈఓఎస్-ఎన్1తో పాటు మరో 15 పేలోడ్‌లు చేజారాయి. అంతకు ఎనిమిది నెలల ముందు, 2025 మే 18న, సీ61 సైతం మూడో దశలోనే దెబ్బతింది. ఘన ఇంధన మోటారులో పీడనం పడిపోయి రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-09 దక్కకుండా పోయింది. చంద్రయాన్-1ను, మంగళయాన్‌ను మోసిన రాకెట్ ఇది. 2017లో ఒకే విడతలో 104 ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టిందీ ఇదే. అలాంటిది వరుసగా రెండుసార్లు విఫలం కావడం ఇదే తొలిసారి.

రాకెట్లు విఫలమవుతాయి. అందుకు శాస్త్రవేత్తలను నిందించడం అన్యాయం. నిలదీయాల్సిన విషయం వేరే ఉంది. సీ61 ఎందుకు విఫలమైందో తేల్చడానికి కమిటీ వేశారు. ఆ నివేదికను ప్రజల ముందు పెట్టకుండానే సీ62ను ప్రయోగవేదిక ఎక్కించారు. ఏ లోపం కనుగొన్నారు, దాన్ని ఎలా సరిచేశారు, సరైందని ఏ పరీక్షతో నిర్ధారించుకున్నారు? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు దొరకకుండానే రెండో రాకెట్ కూలింది. రెండు వైఫల్యాలకూ మూలం ఒకటేనా, కాదా అన్నది చెప్పాల్సింది నివేదికలే. దేశ భద్రత దృష్ట్యా గోప్యత తప్పదన్నది తరచూ వినిపించే సమాధానం. ఈ సమాధానాన్ని యథాతథంగా ఒప్పుకోలేం. ఉపగ్రహం ఏం చూడగలదన్నది రహస్యంగా ఉండాలి. రాకెట్ ఎందుకు కూలిందన్నది రహస్యంగా ఉండకూడదు.

సీ62లో ఎవరెవరి కష్టం ఉందో చూస్తే ఈ తేడా ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఈఓఎస్-ఎన్1ను రూపొందించింది డీఆర్‌డీవో. కాంతిని వందలాది సన్నని పట్టీలుగా విడగొట్టి చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా దాని ప్రత్యేకత. చెట్ల ఆకులకూ, ఆకుల రంగు వేసిన మరుగు వలకూ తేడా పట్టేయగల కన్ను అది. దాని పక్కనే హైదరాబాద్ అంకుర సంస్థలు ధ్రువ స్పేస్, టేక్‌మీటూస్పేస్‌ల ఉపగ్రహాలున్నాయి. విశ్వవిద్యాలయ విద్యార్థులు చేసుకున్న బుల్లి ఉపగ్రహాలున్నాయి. నేపాల్ ఉపగ్రహం ఉంది. కక్ష్యలోనే ఇంధనం నింపే సాంకేతికతను పరీక్షించాలనుకున్న చెన్నై సంస్థ ఆర్బిటెయిడ్ ఉపగ్రహమూ ఉంది. స్పెయిన్ సంస్థ పంపిన చిన్న క్యాప్సూల్ మాత్రం దారి తప్పిన రాకెట్ నుంచి ఎలాగో విడివడి, వాతావరణంలోకి దూసుకొస్తూ కొద్ది నిమిషాలపాటు సమాచారం పంపింది. ఆ సంగతిని ఆ సంస్థ వెంటనే ప్రపంచానికి చెప్పుకుంది. సైనికుడు, వ్యాపారి, విద్యార్థి ఒకే బస్సు ఎక్కినట్టుగా ఉంది ఇప్పటి అంతరిక్ష ప్రయాణం. బస్సు బోల్తా పడితే కారణం తెలుసుకునే హక్కు ప్రయాణికులందరికీ ఉంటుంది.

రక్షణ అవసరాలు నానాటికీ పెరుగుతున్న మాట నిజం. 2019 మార్చి 27న మిషన్ శక్తి పేరిట భారత్ సుమారు 283 కిలోమీటర్ల ఎత్తులో తన ఉపగ్రహాన్ని తానే క్షిపణితో ఛేదించింది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ సామర్థ్యం చాటిన నాలుగో దేశమైంది. 2025లో ఆపరేషన్ సిందూర్ సమయంలో కనీసం పది ఉపగ్రహాలు నిరంతరం దేశ భద్రత కోసం పనిచేశాయని ఇస్రో ఛైర్మన్ వి.నారాయణన్ స్వయంగా చెప్పారు. 52 నిఘా ఉపగ్రహాల ప్రణాళికకు కేంద్రం 2024లోనే ఆమోదం తెలిపింది. వాటిలో 31 ఉపగ్రహాలను ప్రైవేటు సంస్థలే తయారు చేయాల్సి ఉంది. శత్రువు ఉపగ్రహాన్ని కూల్చగలిగే ఈ రోజుల్లో, పోయినదాని స్థానంలో మరొకటి ఎంత వేగంగా నిలపగలమన్నదే అసలైన రక్షణ. ఆ పని చేసిపెట్టాల్సింది నమ్మకమైన రాకెట్. అందుకే రాకెట్ లోపాన్ని దాచడం దేశ భద్రతను కాపాడినట్టు కాదు, దాన్ని బలహీనపరచినట్టే.

మరోవైపు ఈ రంగం ప్రభుత్వ ప్రాంగణం దాటి ఎప్పుడో బయటికొచ్చింది. 2020లో ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ ఏర్పాటును ప్రకటించారు. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. 2024లో విదేశీ పెట్టుబడుల నిబంధనలు సడలించారు. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తన విక్రమ్-ఎస్‌ను శ్రీహరికోట నుంచే ఎగరేసి, దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ ప్రయోగంగా నిలిపింది. హైదరాబాద్‌కే చెందిన ఎంటార్ టెక్నాలజీస్ దశాబ్దాలుగా ఇస్రోకు వికాస్ ఇంజిన్లు అందిస్తోంది. ఐదు పీఎస్‌ఎల్‌వీల తయారీని హెచ్‌ఏఎల్, ఎల్ అండ్ టీ కూటమి చేపట్టింది. రేపు కూటమి కట్టిన రాకెట్ విఫలమైతే కారణం చెప్పేదెవరు? తయారీ సంస్థా, ఇస్రోనా, ఇన్‌స్పేసా? విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమ మొదలుకొని బీమా కంపెనీ వరకు ఈ జవాబు కోసం ఎదురుచూస్తాయి. కారణం తెలియని వైఫల్యానికి బీమా సంస్థలు ఎక్కువ ప్రీమియం వేస్తాయి. విదేశీ ఖాతాదారు వేరే రాకెట్ వెతుక్కుంటాడు.

సైనిక ఉపగ్రహం ఉంటే నోరు విప్పకూడదన్న నియమం ప్రపంచంలో ఎక్కడా లేదు. 2019 జులైలో ఐరోపా రాకెట్ వేగా, యూఏఈ సైనిక నిఘా ఉపగ్రహం ఫాల్కన్‌ఐ-1తో సహా సముద్రంలో పడింది. రెండో దశ ఘన ఇంధన మోటారు పైభాగం వేడికి దెబ్బతిన్నదని స్వతంత్ర కమిషన్ తేల్చింది. రెండు నెలల్లోపే ఆ సంగతి బయటపెట్టారు. 2020 నవంబరులో మరో వేగా కూలినప్పుడు, పై దశలో నాజిల్‌ను తిప్పే యంత్రాంగానికి తీగలు తారుమారుగా కలిపారని చెప్పడానికి ఐరోపావారు వెనుకాడలేదు. సిగ్గుపడాల్సిన పొరపాటే. అయినా చెప్పారు. 2022 డిసెంబరులో వేగా-సి విఫలమైతే, నాజిల్‌లోని ఏ భాగం అనుకున్నదానికన్నా ఎక్కువగా అరిగిపోయిందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో సైతం వెల్లడించారు. ఇంత చెప్పినా ఫాల్కన్‌ఐ కెమెరా రహస్యాలు ఎవరి చేతికీ చిక్కలేదు.

అంత దూరం పోనక్కర్లేదు. ఇస్రో పెరిగిన సంప్రదాయమే ఇది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 తొలి ప్రయోగం విఫలమైనప్పుడు అప్పటి ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందుకొచ్చి బాధ్యత తన భుజాన వేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో నిలిపింది. 2021 ఆగస్టులో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైంది. అది మోసిన ఈఓఎస్-03కి దేశ భూభాగాన్ని పదేపదే గమనించే సత్తా ఉంది. అయినా ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వు లీకవడమే కారణమని కమిటీ తేల్చగా ఇస్రో దాన్ని ప్రజలకు చెప్పింది. లోపం సరిదిద్దుకున్న జీఎస్‌ఎల్‌వీ 2023 మేలో ఎన్‌వీఎస్-01తో మళ్లీ గెలిచింది. అప్పుడు చెప్పడం వల్ల దేశానికి వాటిల్లిన నష్టమేమీ లేదు. పైగా ఇస్రో మీద గౌరవం పెరిగింది.

చిక్కు వ్యక్తుల్లో లేదు, ఏర్పాటులో ఉంది. ఇస్రో ఛైర్మనే అంతరిక్ష శాఖ కార్యదర్శి. ప్రయోగాలను అమ్మే ఎన్‌ఎస్‌ఐఎల్, ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ కూడా ఆ శాఖ గొడుగు కిందివే. రాకెట్ నడిపేవారు, అమ్మేవారు, అనుమతించేవారు, తప్పు వెతికేవారు ఒకే గూటివారైతే నిజం నిగ్గుతేలినా దానికి నమ్మకం చిక్కదు. విమానయానంలో ఈ తేడా మనం ఎప్పుడో గుర్తించాం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం కూలితే, ప్రమాదాల దర్యాప్తు విభాగం ఏఏఐబీ నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదికను వెలువరించింది. రాకెట్లకు అలాంటి విభాగమే లేదు.

చట్టం లోటు ఇంకా పెద్దది. అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017లోనే వచ్చింది. పార్లమెంటు గడప మాత్రం దాటలేదు. 1972 నాటి అంతర్జాతీయ బాధ్యతా ఒప్పందం ప్రకారం, మన గడ్డ నుంచి ఎగిరిన వస్తువు భూమి మీద నష్టం కలిగిస్తే, దాన్ని ఎవరు ప్రయోగించినా పరిహారం చెల్లించాల్సింది భారత ప్రభుత్వమే. ఇది కాగితం మీది భయం కాదు. 1978 జనవరిలో సోవియట్ అణు ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా మీద పడింది. 30 లక్షల కెనడా డాలర్లు చెల్లించడానికి సోవియట్ యూనియన్ ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రైవేటు రాకెట్ల యుగంలోకి అడుగుపెట్టిన దేశం పరిహార బాధ్యతను చట్టం లేకుండా మోయడం ప్రమాదకరం.

చేయాల్సింది స్పష్టం. ఇన్‌స్పేస్‌కు చట్టబద్ధ హోదా ఇచ్చి అంతరిక్ష శాఖ నీడ నుంచి తప్పించాలి. ప్రయోగ వైఫల్యాల దర్యాప్తును ఇస్రో బయటి నిపుణుల నాయకత్వంలోని శాశ్వత విభాగానికి అప్పగించాలి. ఆ విభాగం 90 రోజుల్లో సారాంశ నివేదికను ప్రజలకివ్వాలి. క్షిపణులకూ పనికొచ్చే మోటారు వివరాలు, ఉపగ్రహ సామర్థ్యాలు గోప్య అనుబంధంలో ఉంచుకోవచ్చు. లోపం ఏమిటి, దిద్దుబాటు ఏమిటి అన్న రెండు విషయాలు మాత్రం ఎప్పుడూ బహిరంగంగానే ఉండాలి.

గగన్‌యాన్ వ్యోమగాములను మోసేది ఎల్‌వీఎం3, పీఎస్‌ఎల్‌వీ కాదు. రెండింటినీ కట్టేది మాత్రం ఒకే సంస్థ, ఒకే సంస్కృతి. 2003లో కల్పనా చావ్లా సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదంపై విచారణ మండలి, ఊడిపడిన నురగ ముక్కను ఎంత తప్పుపట్టిందో నాసా పని సంస్కృతినీ అంతే తప్పుపట్టింది. ఆ నివేదిక అందరూ చదువుకునేలా వెలువడింది. మనం అలాంటి పాఠం ప్రాణాలు పోగొట్టుకుని నేర్వకూడదు. మనుషులు లేని రెండు రాకెట్లు ఇప్పటికే ఆ అవకాశాన్నిచ్చాయి. మన వ్యోమగాములు శ్రీహరికోటలో రాకెట్ ఎక్కేలోగా సీ61, సీ62 నివేదికల సారాంశాన్ని ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టాలి.