లేత్ కంప్యూటర్‌కు ఏ వెర్షన్?

హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ బస్తర్‌లో నిర్మించిన నగర్నార్ ఉక్కు కర్మాగారం 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైంది. దాని సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు. ఇంత పెద్ద కర్మాగారానికి షాఫ్టులు, బుష్‌లు, గేర్లు చేసిపెట్టే చిన్న వర్క్‌షాపులు దగ్గర్లోనే కావాలి. కొత్త సీఎన్‌సీ యంత్రం కొనే స్తోమత లేనివారు పాత లేత్‌కు మోటార్లు బిగించి కంప్యూటర్‌తో నడుపుకోవచ్చు. ఆ కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ వెర్షన్ ఉండాలి?

ఫోన్లకు అలవాటుపడ్డ మనం ‘అన్నిటికన్నా కొత్తది’ అనేస్తాం. లేత్ దగ్గర ఈ జవాబు చెల్లదు.

ఆఫీసు కంప్యూటర్ ఒక ఫైలును అర సెకను ఆలస్యంగా తెరిస్తే ఎవరూ గమనించరు. యంత్రం సంగతి వేరు. నిమిషానికి 1,200 మిల్లీమీటర్ల వేగంతో కదిలే పనిముట్టు సెకనుకు 20 మిల్లీమీటర్లు జరుగుతుంది. కంప్యూటర్ ఆజ్ఞ 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, అది ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ తేడా 1 మిల్లీమీటరు. బేరింగ్ కూర్చునే షాఫ్టులోనేమో మిల్లీమీటరులో నూరో వంతే లెక్క! స్టెప్పర్ మోటారైతే అడుగులు తప్పుతుంది, అక్కడినుంచి కోతంతా పక్కకు జరిగిపోతుంది. అందుకే ఇక్కడ చూడాల్సింది కంప్యూటర్ సగటు వేగాన్ని కాదు, అత్యంత చెడ్డ క్షణంలో అది ఎంత ఆలస్యం చేస్తుందన్నదాన్ని.

చిన్న యంత్రాలపై బాగా వాడుకలో ఉన్న మాక్3 సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. దాని ప్యారలల్ పోర్ట్ డ్రైవర్ 32 బిట్ విండోస్ మీదే పనిచేస్తుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు 32 బిట్ రూపమే లేదు. అంటే ‘అప్‌గ్రేడ్’ చేసిన రోజున లేత్ మూగబోతుంది, విడిగా మోషన్ కంట్రోలర్ కొనక తప్పదు.

ఉచితంగా దొరికే లైనక్స్‌సీఎన్‌సీ మెరుగైన దారి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 భాండాగారంలో ఇదీ, రియల్‌టైమ్ కెర్నెల్ కూడా ఉన్నాయి. దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంటుంది. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది కదా అని, డెబియన్ 12తో సజావుగా నడుస్తున్న యంత్రాన్ని కదిలించడం అనవసరం. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం రెండిటినీ తమ కంప్యూటర్‌పైనే పరీక్షించి ఎంచుకోవాలి. లైనక్స్‌సీఎన్‌సీతో వచ్చే లేటెన్సీ టెస్ట్‌ను పెట్టి, పక్కన పెద్ద ఫైళ్లు కాపీ చేస్తూ, వీడియో ఆడిస్తూ కొన్ని గంటలు వదిలేయాలి. రెండు నిమిషాల్లో వచ్చే మంచి అంకెను నమ్మకూడదు.

పాత వెర్షన్‌కు వైరస్ భయం లేదా? ఉంది. 2018 ఆగస్టులో తైవాన్ చిప్ తయారీ దిగ్గజం టీఎస్‌ఎంసీలో, కొత్త యంత్రానికి సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు చొరబడ్డ వైరస్ ప్యాచ్‌లు లేని విండోస్ 7 కంప్యూటర్లకు పాకి ఉత్పత్తిని ఆపేసింది. ఆ భయంతో యంత్రం కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలిపి అప్‌డేట్లకు అప్పగించడం మాత్రం ఇంకో ప్రమాదం. కేబుల్ పీకేయడం, ప్రోగ్రాములు తెచ్చే పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో ముందుగా స్కాన్ చేయడం చవకైన రక్షణ. పెళ్లి వీడియోలు తిరిగిన పెన్‌డ్రైవ్‌ను యంత్రానికి పెట్టకపోవడమూ అందులో భాగమే.

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. నిపుణుడు వచ్చేదాకా యంత్రం ఆగితే ఆర్డరు చేజారిపోతుంది. కాబట్టి వర్క్‌షాపు మనుషులే తిరిగి ఎక్కించుకోగల వెర్షన్ కావాలి. ఐటీఐల్లో జీ-కోడ్‌తో పాటు హార్డ్‌డిస్క్ ఇమేజ్ తీయడం, దాన్ని మరో డిస్క్‌పైకి ఎక్కించి యంత్రాన్ని నడిపి చూడడం కూడా నేర్పాలి. ఆ రెండో డిస్క్ కంట్రోల్ ప్యానెల్‌లోనే ఉండాలి. తలుపు లోపలివైపు ఓ కాగితంపై వెర్షన్, కెర్నెల్ సంఖ్య, బయోస్ సెట్టింగులు, చివరిసారి పరీక్షించిన తేదీ రాసి అంటించాలి.