కేకు టిన్నుకు ఏ కొవ్వు పూయాలి?

ఇంటివద్ద కేకులు చేసి అమ్ముకునే ఆళ్ళగడ్డ సోదరి ఒకరు మమ్మల్ని ఇలా అడిగారు: “నంద్యాలలో ఒక దుకాణదారుడు టిన్నులకు పూయడానికి తెల్లని కొవ్వు చవకగా ఇస్తున్నాడు. డబ్బాపై ఏ వివరమూ లేదు. పిండిలో కలపము, టిన్నుకు పూస్తాము, అంతే గదా! వాడవచ్చునా?”

పూసేది టిన్నుకే అయినా, వేడికి కరిగి అది కేకు అంచులలోకి ఇంకుతుంది. అంచు వదిలి కేకు తినేవారెవరు? మక్కా విజయ సంవత్సరంలో దైవప్రవక్త (స) చచ్చిన జంతువుల విక్రయాన్ని నిషేధించినప్పుడు, వాటి కొవ్వును పడవలకూ తోళ్ళకూ పూస్తారు, దీపాలలో వాడతారు గదా అని కొందరు అడిగారు. ఆయన సమ్మతించలేదు. జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉన్నది. ఆ నిషేధం అమ్మకానికా, వాడకానికా అని పండితులు చర్చించారు. తినే వస్తువు విషయంలో మాత్రం చర్చకు తావు లేదు.

పేరులేని తెల్లని కొవ్వు వనస్పతి కావచ్చు, పశువుల కొవ్వు కావచ్చు, లార్డ్ అనే పంది కొవ్వు కూడా కావచ్చు. కంటికి మూడూ దాదాపు ఒక్కటే. 1983లో మన దేశంలోనే వనస్పతిలో దిగుమతి చేసుకున్న పశువుల కొవ్వు కలుపుతున్నారని పెద్ద దుమారం లేచింది. పైగా ఈ సోదరి వద్ద కేకులు కొనేవారిలో హిందూ కుటుంబాలూ ఉన్నాయట. జబీహా చేసిన పశువు కొవ్వు మనకు హలాలే అయినా, చెప్పకుండా వారికి తినిపించడం అమానత్‌కు ద్రోహం. (అనుమానం పేరిట ప్రతి ఇంటి పళ్ళెమునూ పరీక్షించమని మేము చెప్పడం లేదు. అమ్మేవారి బాధ్యత వేరు.)

మరి ఏది పూయాలి? మా ఇంటివారి అనుభవంలో నెయ్యికి సాటి లేదు. వెన్నలో సుమారు 16 శాతం నీరు, కొంత పాల పదార్థం ఉంటాయి. ఆ పాల పదార్థమే మాడి టిన్నుకు అంటుకుంటుంది. నెయ్యిలో ఆ రెండూ పోయి ఉంటాయి. అయితే నంద్యాల ఎండలకు నెయ్యి నీరై అడుగుకు జారుతుంది. పూసిన టిన్నును కొద్దిసేపు ఫ్రిజ్‌లో ఉంచి, గట్టిపడ్డాక మైదా చల్లి, ఎక్కువైనది దులిపివేయాలి. నెయ్యి ఖరీదనుకుంటే బుడ్డల నూనె చాలు. అదీ జారే గుణం కలదే గనుక పలుచగా పూసి, అడుగున బట్టర్ పేపర్ పరచుకోవాలి. డాల్డా జారదు, నిజమే. కొనేటప్పుడు ఆకుపచ్చ గుర్తు, ట్రాన్స్ ఫ్యాట్ వివరం చూడండి. 2022 నుండి అది 2 శాతం మించరాదని మన ప్రభుత్వ నియమం.

ఆ డబ్బాను దుకాణానికే తిరిగి ఇచ్చివేయండి, మరొకరికి అమ్మవద్దు. ఇప్పటికే పూసిన టిన్నులు ఉంటే పారవేయనక్కరలేదు. జిడ్డు పూర్తిగా పోయేవరకు వేడినీటితో, సబ్బుతో కడిగితే సరిపోతుంది.