కట్టుడుపళ్ళు – ఆనిక, పలుకు



తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళంటే ఖాళీని పూడ్చే అలంకారమని పలువురి భావన. మిగిలిన పళ్ళను కాపాడడమే వాటి ప్రధాన ధర్మమని నా అభిప్రాయం.

పళ్ళు పోయిన తీరును కెన్నెడీ 1925లోనే నాలుగు తరగతులుగా విభజించాడు. ఇరువైపులా పళ్ళున్న ఖాళీకీ, వెనుక ఆధారం లేని ఖాళీకీ నిర్మాణం ఒకటి కాదు. వైద్యుడు అచ్చు తీసి, సర్వేయర్ అనే పరికరంతో పళ్ళ వాలు పరిశీలించి, కొక్కెం ఎక్కడ పట్టాలో, నమిలే బరువు ఏ పంటిపై ఆనాలో నిర్ణయించాలి. ఆ పంటిపై ఆనికకు చిన్న గుంట చెక్కాలి. పిదప కోబాల్టు-క్రోమియం చట్రం పోత పోయించాలి. ఈ నిర్ణయాలన్నీ ల్యాబుకు వదలి, ఆనిక లేని ఒట్టి ఆక్రిలిక్ పలకతో సరిపెడితే, అది క్రమంగా చిగుళ్ళలోకి దిగి, ఉన్న పళ్ళకే చేటు తేగలదు.

తెలుగు చెప్పినవాడిగా మరొక్క మాట. మైనంపై పళ్ళు అమర్చి చూసే దశలో అద్దం చూపితే చాలదు, పలికించి కూడా చూడాలి. త, ద, న దంత్యాలు; వ దంతోష్ఠ్యం; ‘చలి’, ‘జడ’లలోని చ, జలు సంస్కృతంలో లేని మన దంత్యాలు. పలుకు తడబడితే మైనంలో పళ్ళు జరపడం సులువు. ఆక్రిలిక్ గట్టిపడ్డాక కష్టం.

కనుక వెల అడిగే ముందు, “ఆనిక ఏ పంటి మీద?” అని అడగండి.